అనంతగిరి కొండ మీద నా పొడుగు ప్రార్థన

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఆరుగురికి సరిపడా భోజనం, మా అమ్మ ప్రాణంగా చూసుకునే స్టీలు క్యారియర్, నా పరువు, కాస్తలో నా పెళ్ళి, ఇవన్నీ ఒకే ఒక్క ప్రార్థనలో ఊడ్చిపెట్టుకుపోయిన కథ ఇది. ఊడ్చింది కోతులు. ప్రార్థించింది నేను. అయినా సరే, ఆ రోజు సాయంత్రం ఆ కొండ దిగినప్పుడు నా అంత మొనగాడు వికారాబాద్ జిల్లాలో ఇంకొకడు లేడు.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. యాప్రాల్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. సోషల్ మాస్టారికి ఒక జబ్బు ఉంటుంది. గోడ మీద మ్యాప్ వేలాడుతుంటే భూగోళమంతా తన చేతికర్ర కిందే ఉందనుకుంటాడు. ఆ జబ్బు నాకు ముదిరిన రోజుల్లో తిరుమలగిరి నుంచి సునీత సంబంధం వచ్చింది.

సునీత బ్యాంకులో పనిచేస్తుంది. వాళ్ళ నాన్న ఏలీషా గారు రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. చర్చి సంఘంలో పెద్ద. తెల్లచొక్కా, తెల్లమీసం, ఎదుటివాడి తప్పును అవతలి ప్లాట్‌ఫారం మీద ఉండగానే పసిగట్టే చూపు. మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు సునీత వాళ్ళమ్మ ఎస్తేరమ్మ గారు ఒక పళ్ళెం నిండా గులాబీ పువ్వులు పెట్టారు. పూలు కావు, బియ్యప్పిండితో చేసే పిండివంట. కరకరలాడుతూ నన్నే చూస్తున్నాయి. నేను ఒకటి తీసి కొరికాను. ఆ చప్పుడు హాలంతా వినిపించింది.

"బాబూ," అన్నారు ఏలీషా గారు.

"అండీ."

"ఇంకా ప్రార్థన కాలేదు."

సగం పువ్వు నోట్లో ఉంది, సగం చేతిలో ఉంది. మింగితే తప్పు, ఉమ్మితే అంతకన్నా తప్పు. ఆయన ప్రార్థన మొదలుపెట్టారు. అది ముగిసేదాకా బుగ్గలో దాచుకుని కూర్చున్నాను. ఎదురుగా సునీత తల వంచుకునే ఉంది కానీ భుజాలు ఊగుతున్నాయి. ఆ పిల్ల నవ్వుతోందని తెలిసిన క్షణంలోనే నాకు ఆ పిల్ల కావాలనిపించింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఇల్లు చేరేలోపు మా పిల్లలకు పేర్లు కూడా అనుకున్నాను.

కానీ వెళ్ళేటప్పుడు ఆయన అమ్మతో అన్న మాట వినండి. "అమ్మా, మనకు జాతకాలు లేవు, ముహూర్తాలు లేవు. మనిషిని తెలుసుకోవడం ఎలా? నేను అన్నం ముందు కూర్చోబెట్టి ప్రార్థన చెయ్యమంటాను. ఆకలి మీద ఉన్నవాడు ఎలా ప్రార్థిస్తాడో చూస్తే వాడి బతుకంతా తెలిసిపోతుంది. మీ అబ్బాయిది ఇంకా చూడలేదు. చూశాకే మాట."

అమ్మ దారి పొడుగునా ఆటోలో గొణుగుతూనే ఉంది. "ఇంతకుముందు కాకినాడ సంబంధం ఒకటి ఇలాగే పోయిందటరా. పిల్లాడు ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచాడట. ఆయన అక్కడికక్కడే వద్దన్నారట. నీ ప్రార్థన సంగతి నాకు తెలీదా? 'ప్రభువా ఈ అన్నానికి వందనాలు ఆమేన్' అంటావు. ఆమేన్ అనేలోపు ముద్ద నోట్లో ఉంటుంది."

నిజమే. నా ప్రార్థన సెల్‌ఫోన్ రీచార్జి మెసేజీ కన్నా పొట్టిది.

రెండు రోజుల తర్వాత సునీతే ఫోన్ చేసింది. "చూడండి, మా నాన్న ఇంట్లో ఉంటే పులి. బయటి గాలి తగిలితే కొంచెం మెత్తబడతారు. రెండు ఫ్యామిలీలూ కలిసి ఎక్కడికన్నా వెళ్దాం. మంచి ప్లేస్ చెప్పండి. కొండలూ చెట్లూ ఉండాలి, పెద్దవాళ్ళు నడవగలగాలి, నాన్నకి సినిమా పాటల గోల ఉండకూడదు."

సోషల్ మాస్టారిని ఎక్కడికెళ్దామని అడగడమంటే పిల్లిని పాలు తాగుతావా అని అడగడమే. "అనంతగిరి!" అన్నాను. "అడవి ఉంది, వ్యూ పాయింట్ ఉంది, మూసీ నది పుట్టిన చోటుంది. కిందికి దిగితే కోట్‌పల్లి చెరువులో పడవలున్నాయి. వానలు తగ్గాక ఊటీ కూడా దాని ముందు దిగదుడుపే. అంతా నేను చూసుకుంటాను."

"ఇంతకుముందు వెళ్ళారా?"

"ఎన్నిసార్లో!" అన్నాను. మ్యాప్ మీద.

బండి సంగతి మా ఎదురు ఫ్లాట్ అప్పలరాజు గారు చూసుకున్నారు. విజయనగరం వైపు మనిషి, ఇక్కడ మందుల కంపెనీలో ఉద్యోగం. భార్య పురిటికని పుట్టింటికి వెళ్ళడంతో ఆయనకు ఆదివారాలు గడవడం లేదు. ఏడు సీట్ల కారు ఖాళీగా ఉంది. "ఏటండీ, అనంతగిరికా? ఆ కొండ మీద పద్మనాభస్వామి గుడుంది కదా, ఎప్పట్నించో ఎళ్ళాలనుకుంటన్నాను. పదండి, నేనే తోల్తాను," అన్నారు. కాకపోతే ఏలీషా గారికి ఆదివారం ఆరాధన ఉంటుంది. అందుకని దసరా సెలవుల్లో ఒక పని దినం చూసుకున్నాం. సునీత సెలవు పెట్టింది.

ముందురోజు అమ్మ మోండా మార్కెట్టుకు వెళ్ళి సంచులు నింపుకొచ్చింది. చపాతీలు, నిమ్మకాయ పులిహోర, కోడి వేపుడు, పెరుగన్నం, రెండు అత్తాల చక్కెరకేళీ అరటిపళ్ళు. ఎస్తేరమ్మ గారు తన వంతుగా ఒక పెద్ద డబ్బా నిండా గులాబీ పువ్వులు, ఒక ప్లమ్ కేకు తెస్తానన్నారు. వంట కన్నా ముఖ్యమైన ఏర్పాటు మాత్రం అమ్మా నేనూ వంటింట్లో గుసగుసగా చేసుకున్నాం.

"ఒరేయ్ బాబీ, నేను నీ వెనకాలే కూర్చుంటాను. నువ్వు ఎప్పటిలా తొందరపడి ఆమేన్ అనేస్తావు. చాలలేదనిపిస్తే నీ చొక్కా అంచు పట్టుకుని లాగుతాను. లాగితే ఇంకో విషయం అందుకో. లాగడం ఆపేశాక ముగించు. తెలిసిందా?"

"కళ్ళు తెరవకూడదు కదా?"

"తెరిచావో, కాకినాడవాడి పక్కన నిలబెడతారు నిన్ను."

నేను ఆ రాత్రి అద్దం ముందు కళ్ళు మూసుకుని సాధన చేశాను. కళ్ళు మూసుకున్నాక అద్దం ఎందుకని మీరు అడగొచ్చు. ఆ తెలివే ఉంటే ఈ కథ ఎందుకుంటుంది?

పొద్దున్నే బయలుదేరాం. చేవెళ్ళ దాటాక రోడ్డు పక్కన సీతాఫలాల బుట్టలు, ఆకుపచ్చగా తడిసిన చేలు, గాలిలో చల్లదనం. నేను ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి పాఠం మొదలుపెట్టాను. దక్కన్ పీఠభూమి, ఎర్రనేలలు, నల్లరేగడి. ఏలీషా గారు కిటికీలోంచి చూస్తూ "ఊఁ" అంటున్నారు. ఆ "ఊఁ" లో మెప్పు ఎంతుందో కొలవడానికి నా దగ్గర ఏ పరికరమూ లేదు.

కొండ మీద మాత్రం దేవుడు నా పక్షాన నిలబడ్డాడు. వ్యూ పాయింట్ దగ్గరికి వెళ్ళేసరికి మంచు అప్పుడే విడిపోతోంది. కింద లోయ అంతా పచ్చదనం, మధ్యమధ్య మబ్బు ముక్కలు. మీరు పిల్లల్ని తీసుకుని వెళ్ళేటట్టయితే పొద్దుటి పూటే వెళ్ళండి, మంచు విడిపోవడం వాళ్ళు చూడాలి. ఏలీషా గారు గొడుగు మీద రెండు చేతులూ ఆనించి చాలాసేపు నిలబడి "సృష్టి!" అన్నారు. ఆ ఒక్కమాటకు నేను జానెడు పొడవు పెరిగాను.

"మూసీ పుట్టింది ఇక్కడేనండీ," అన్నాను, మూసీని నేనే కన్నట్టు.

"ఇంత సల్లటి సోట పుట్టిందా?" అన్నారు అప్పలరాజు గారు. "మరి మన సిటీలో అలగైపోనాదేటండీ?"

"సావాసాలు మంచివి కావండీ," అంది సునీత.

ఎస్తేరమ్మ గారు నవ్వారు. ఏలీషా గారి మీసం కూడా కదిలింది. అప్పలరాజు గారు గుడికి వెళ్ళి దర్శనం చేసుకుని వచ్చేదాకా మేము అడవి బాటలో నడిచాం. అమ్మకూ ఎస్తేరమ్మ గారికీ అప్పుడే ఊరగాయల దగ్గర స్నేహం కుదిరింది. సునీతా నేనూ నాలుగడుగులు వెనకబడ్డాం. "బాగా చేస్తున్నారు," అంది. "ఇక అన్నం ఒక్కటే మిగిలింది. జాగ్రత్త."

అన్నానికి చోటు నేనే ఎంచాను. చదునైన బండ, పైన నీడ, ఎదురుగా లోయ. పక్కనే ఒక బోర్డు: కోతులకు ఆహారం పెట్టరాదు. నేను దాన్ని అందరికీ పైకి చదివి వినిపించాను. జంతువులకు మన తిండి ఎందుకు పెట్టకూడదో, పౌరుల బాధ్యత ఏమిటో వివరించాను కూడా. కోతులకు పెట్టే ఉద్దేశం నాకు లేదు కనక ఆ బోర్డుకూ నాకూ సంబంధం లేదనుకున్నాను. కోతులు కూడా అలాగే అనుకున్నాయి.

దుప్పటి పరిచాం. క్యారియర్ గిన్నెలు విప్పి వరసగా పెట్టింది అమ్మ. వేపుడు వాసనకు నా కడుపులో పేగులు కచేరీ మొదలుపెట్టాయి. ఏలీషా గారు చెప్పులు విడిచి, బాసింపట్టు వేసుకుని కూర్చుని, నా వైపు చూశారు.

"బాబూ, ప్రార్థన చెయ్యి."

పరీక్ష పేపరు ఇచ్చేశారు. నేను మోకరించాను. వెనకాల అమ్మ ఉందని ఒకసారి చూసుకున్నాను. కళ్ళు మూశాను. నేను కళ్ళు మూశాక అమ్మ కూర్చున్న చోట చీమలు బయలుదేరడం, అమ్మ లేచి అవతలికి ఎస్తేరమ్మ గారి పక్కకు వెళ్ళి కూర్చోవడం జరిగాయి. ఈ సంగతి ఈ పాటికి మీకు తెలిసింది. నాకు తెలియలేదు.

"కృపగల తండ్రీ," అని మొదలుపెట్టాను. కొండలకు వందనాలు చెప్పాను, మంచుకు చెప్పాను, బండి తోలిన అప్పలరాజు గారికి చెప్పాను, వండిన చేతులకు చెప్పాను. నా సరుకు అయిపోయింది. ఆమేన్ అందామని నోరు తెరిచాను. చొక్కా అంచు ఎవరో లాగారు.

అమ్మకు చాలలేదు! సరేనని తిరుమలగిరిలో ఉన్న సైనికుల కోసం, సరిహద్దుల్లో ఉన్న సైనికుల కోసం ప్రార్థించాను. మళ్ళీ లాగారు. రైల్వే ఉద్యోగుల కోసం, రిటైరైనవారి ఆరోగ్యం కోసం, వారి పింఛను సకాలంలో రావడం కోసం ప్రార్థించాను. ఇది ఆయనకు తప్పక నచ్చుతుందనుకున్నాను. ఈసారి రెండు చేతులతో లాగినట్టు గట్టిగా లాగారు. ఇంత ఆశ ఏమిటమ్మా అని లోపల విసుక్కుంటూ మూసీ నది శుద్ధి కోసం, మోండా మార్కెట్‌లో అరటిపళ్ళు అమ్మిన ముసలమ్మ కోసం, పదో తరగతి పరీక్షలు రాయబోయే పిల్లల కోసం అడిగాను. గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఎస్తేరమ్మ గారు ముందుగా వడ్డించేస్తున్నారు కాబోలు, పాపం ఆకలి మీద ఉన్నారు అనుకున్నాను.

చివరికి ఏమీ తోచక, నాలిక ఎండిపోయి, "ఈ అడవిలోని నోరులేని జీవాలకు కూడా ఈ పూట కడుపునిండా ఆహారం దయచేయుము తండ్రీ," అన్నాను.

ఏ ప్రార్థనకూ అంత వేగంగా జవాబు రావడం నేను ఎరగను.

నా భుజం మీద బరువుగా ఒక చెయ్యి పడింది. అమ్మ దీవిస్తోంది, ఇక చాలని అర్థం అనుకున్నాను. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆమేన్" అన్నాను. అందరూ ఎప్పుడూ లేనంత గట్టిగా "ఆమేన్!" అన్నారు. కళ్ళు తెరిచాను.

ముందుగా కనిపించింది నా భుజం మీది చెయ్యి. దానికి వెంట్రుకలున్నాయి.

నేను పెట్టిన కేకకు ఆ కోతి నా నెత్తి మీద కాలు వేసి చెట్టెక్కింది. పైన దాని బంధువర్గం మొత్తం కూర్చుని ఉంది. ఒకటి చపాతీ మడత పెడుతోంది. ఒకటి ప్లమ్ కేకులో ద్రాక్షలు ఏరుకుంటోంది. ఒక పిల్లకోతి గులాబీ పువ్వును చేతికి గాజులా తొడుక్కుంది. కోడి వేపుడును మాత్రం అవి తినలేదు, శాకాహారులు. గిన్నె బోర్లించి దుప్పటి మీద పోసి వదిలేశాయి. కోతికి కొబ్బరికాయ దొరికితేనే సామెత పుట్టిందంటారు, మా క్యారియర్ దొరికాక ఒక శతకమే పుట్టాలి. అత్తసొమ్ము అల్లుడు దానం అని కూడా అంటారు. అల్లుణ్ణి కాకముందే దానం చేసింది నేనొక్కడినే.

"క్యారియర్!" అంది అమ్మ. క్యారియర్ హ్యాండిల్ పట్టుకుని ఒక ముసలికోతి లోయలోకి దిగిపోతోంది, ఆఫీసుకు వెళ్ళే మనిషిలా.

"నీ కోసమే కదా సాగదీశాను! అన్నిసార్లు లాగావు!" అన్నాను అమ్మతో, గొంతు తగ్గించి.

"నేనెక్కడ లాగానురా? నేను ఇటు కూర్చుంటేనూ! కన్నతల్లి చేతికీ కోతి చేతికీ తేడా తెలీదుట్రా నీకు?"

ఏలీషా గారు లేచి నిలబడ్డారు. తెల్లచొక్కా మీద పులిహోర మెతుకులున్నాయి. "ఇంతమంది ఉన్నారు. ఎవరూ చూడలేదా?"

"నేను ప్రార్థనలో ఉన్నానండీ," అంది అమ్మ.

"నేనూ కళ్ళు మూసుకున్నాను," అన్నారు ఎస్తేరమ్మ గారు.

"నేనూ అంతే నాన్నా," అంది సునీత, నేల చూస్తూ.

"నేనైతే పూర్తిగా లీనమైపోయాను," అన్నారు ఏలీషా గారు. అప్పలరాజు గారు ఏదో అనబోయి, అందరి ముఖాలూ చూసి ఊరుకున్నారు.

ఇక నా వంతు వచ్చింది. ఆయన నా వైపు తిరిగారు. "ప్రార్థన బాగానే చేశావు బాబూ. కాదనను. కానీ చోటు ఎంచింది నువ్వు. బోర్డు చదివింది నువ్వు. ముందు పెట్టుకున్న అన్నం కాపాడుకోలేనివాడు రేపు సంసారం ఏం కాపాడతాడు? నా పిల్లను ఎవరి చేతిలో పెట్టాలో నేను ఆలోచించుకోవాలి."

ఆలోచించుకోవాలంటే ఏమిటో పెళ్ళిచూపులు చూసిన ప్రతివాడికీ తెలుసు. ఎండలో, ఖాళీ కడుపుతో, ఖాళీ చేతులతో కొండ దిగుతుంటే నిజంగా ఏడుపొచ్చింది. సునీత నా వైపు చూడడం లేదు. ఆ పిల్లను ఇక తిరుమలగిరి బస్టాపులో దూరం నుంచి చూడాల్సిందేననుకున్నాను.

కింద మలుపు దగ్గర రేకుల నీడలో ఒకామె పెద్ద మూకుడు పెట్టుకుని మక్క గారెలు, అంటే మొక్కజొన్న గారెలు, వేస్తోంది. మమ్మల్ని చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

"ఏందీ సారు, గట్ల మొకాలేసుకొని వస్తున్రు? కోతులు గిట్ట గుంజుకపోయినయా?"

"అవునమ్మా," అంది అమ్మ. "మొత్తం."

"మీరేం జేస్తున్రు మరి?"

"కళ్ళు మూసుకున్నాం."

"అయ్యో! కోతుల నడుమ కండ్లు మూసుకుంటరా ఎవరన్న? సరే, పరేషాన్ గాకుండ్రి. జెర కూసోండ్రి, వేడివేడిగ తీస్తా."

విస్తరాకుల్లో బంగారు రంగు గారెలు, అల్లం పచ్చడి, పక్కన ఉల్లిపాయ ముక్కలు వచ్చాయి. ఆ వాసన ఇప్పుడు రాస్తుంటే కూడా నోరూరుతోంది. మీరు అనంతగిరి వెళ్తే ఏది చూసినా చూడకపోయినా మలుపు దగ్గర మక్క గారెలు మాత్రం తినండి. అందరి చేతులూ ఆకు మీదికి వెళ్ళి ఆగిపోయాయి. ప్రార్థన! ఎవరు చెయ్యాలి? నేను తల దించుకున్నాను.

"నేను చేస్తాను," అన్నారు ఏలీషా గారు. కళ్ళు మూశారు. "ప్రభువా వందనాలు ఆమేన్." అప్పటికే గారె తుంపేశారు.

అప్పలరాజు గారు ఆశ్చర్యంగా చూశారు. "అదేటండీ, ఇప్పుడు ఇంత పొట్టిగా సేసేసినారు? కోతులు లేవనా?"

"కోతులకూ ప్రార్థనకూ ఏమిటండీ సంబంధం?" అన్నారు ఏలీషా గారు, నోటినిండా గారెతో.

"అదే కదండీ నాకూ తెల్దు! మీ పద్ధతులు నాకేటి తెల్సు? మాకు కాకులకెట్టాక తినే రోజులున్నాయి కదా, మీకు కోతులకెట్టాక తింటారేమో అనుకున్నాను. బాబు ప్రార్థన సెప్తన్నాడు, కోతులొచ్చి తింటన్నాయి, మీరందరూ సూస్తన్నారు, ఎవులూ మాటాడరు. ఇది పద్ధతేలే అనుకున్నాను. ఆ పువ్వుల డబ్బా మూత దానికి రాకపోతే పాపమని నేనే తీసిచ్చాను."

గారెలు నమిలే చప్పుడు ఆగిపోయింది.

"అందరూ చూస్తున్నారంటే?" అన్నాను నేను.

అప్పలరాజు గారు వేళ్ళతో చూపిస్తూ మొదలుపెట్టారు, పాపం లోకం తెలియని మనిషి. "మీ అమ్మగారు ఓ కన్ను తెరిసి సూసి, ఠక్కుమని మూసేసినారు. ఈ అమ్మగారు కేకు పోతంటే సెయ్యి సాపి మళ్ళా ఎనక్కి లాక్కున్నారు. సునీతమ్మ నవ్వాపుకోలేక సున్నీ సెంగు నోట్లో కుక్కుకుంది. పెద్దాయనగారి దగ్గిరికొక పెద్ద కోతి వస్తే ఆయన కాళ్ళు ముడిసేసుకొని, ఇడిసిన సెప్పులు తీసి దుప్పటి కింద దాసుకున్నారు. బాబొక్కడే అండీ, కోతి భుజమెక్కినా తెల్దు, పాపం, అలా సెప్పుకుంటా పోతన్నాడు."

నేను ఏలీషా గారి వైపు చూశాను. ఆయన విస్తరాకు వైపు చూశారు. ఎస్తేరమ్మ గారు ఆయన వైపు చూశారు.

"మరి ఎవరూ చెప్పలేదేం?" అన్నాను.

"ఎలా చెబుతాం?" అంది సునీత. "చెబితే కళ్ళు తెరిచినట్టు ఒప్పుకోవాలి కదా!" అనేసి ఇక ఆపుకోలేక విరగబడి నవ్వింది. ఎస్తేరమ్మ గారు కొంగుతో నోరు మూసుకున్నారు. మా అమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. మూకుడు దగ్గర ఆమె కూడా గరిటె పక్కన పెట్టి నవ్వుతోంది. ఒక్క ఏలీషా గారే నవ్వలేదు. ఆయన మంచినీళ్ళు తాగి, మీసం తుడుచుకుని, నన్ను నిలువునా చూశారు.

"బాబూ, నిజం చెప్పు. కోతి నీ భుజం మీద చెయ్యి వేస్తే నీకు తెలియలేదా?"

ఇప్పుడు చెప్పండి. మీరైతే ఏం చేస్తారు? 'మా అమ్మ అనుకున్నానండీ' అంటారా? అమ్మ నా వైపు చూసి కళ్ళతోనే ఒద్దురా అంది.

"ప్రార్థనలో ఉన్నానండీ," అన్నాను, కళ్ళు వాల్చుకుని.

ఆయన ఇంకో గారె తీసుకుని పచ్చడిలో ముంచి, తినకుండా పట్టుకుని కూర్చున్నారు. తర్వాత అమ్మ వైపు తిరిగారు.

"అమ్మా, అన్నం కాపాడలేదని మీ అబ్బాయిని అన్నాను. అన్నం కాపాడవలసింది కళ్ళు తెరిచి ఉన్నవాళ్ళు. తెరుచుకుని కూర్చుని కూడా కాపాడనిది మేము. నేనైతే చెప్పులు కాపాడుకున్నాను." ఆయన గొంతులో ఏదో అడ్డం పడింది, అది నవ్వని తర్వాత తెలిసింది. "కళ్ళు తెరిచేవాళ్ళం మా ఇంట్లో కావలసినంతమందిమి ఉన్నాం. నాకు అల్లుడిగా కళ్ళు మూసుకునేవాడే కావాలి. ప్రధానం ఎప్పుడు పెట్టుకుందామో చెప్పండి."

రొట్టె విరిగి నేతిలో పడ్డట్టని అంటారు. నా గారె విరిగి అల్లం పచ్చడిలో పడింది. నేను లేచి నిలబడిపోయాను. సునీత తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపు కోసం ఇంకో పది క్యారియర్లు లోయలోకి పంపమన్నా పంపేవాణ్ణి. మూకుడు దగ్గర ఆమె "ఏందీ, లగ్గం ఖాయమైందా ఈడనే?" అని అడిగి, మాకందరికీ ఇంకో వాయి గారెలు ఉచితంగా తీసింది. అప్పలరాజు గారు మాత్రం "నేనేటైనా తప్పుగా సెప్పానా అండీ?" అని కంగారుగా అడుగుతూనే ఉన్నారు. ఆయన చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాను.

సాయంత్రం కోట్‌పల్లి చెరువులో పడవెక్కాం. నేను ముందు నిలబడి చెరువు లోతు, ఆనకట్ట కట్టిన తీరు, చుట్టూ ఉన్న పక్షులు, అన్నీ వివరించాను. సగం నాకు తెలియవు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఏలీషా గారు గొడుగు వేసుకుని, "మా అల్లుడికి అన్నీ తెలుసు," అని పడవవాడితో అన్నారు. మా అల్లుడు! నీళ్ళ మీద ఆ మాట అవతలి ఒడ్డుదాకా వెళ్ళి ఉంటుంది.

పెళ్ళై ఇన్నేళ్ళైనా మామగారు సంఘంలో కొత్తవాళ్ళు ఎవరొచ్చినా నన్ను చూపించి, "కోతి భుజమెక్కినా చలించని విశ్వాసం," అని పరిచయం చేస్తారు. నేను వినయంగా తల వంచుతాను. పక్కన సునీత నా చొక్కా అంచు పట్టుకుని మెల్లగా లాగుతుంది. నిజం ఆమెకు పెళ్ళైన వారానికే చెప్పేశాను, భార్య దగ్గర దాచగలిగిన మగవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

కాబట్టి ఇందుమూలంగా సమస్త పాఠకులకూ, అనంతగిరి వానర సంఘానికీ, అమ్మ కొన్న కొత్త క్యారియర్ సాక్షిగా నేను ప్రమాణం చేసి తెలియజేసేది ఏమనగా: ఇక మీదట ఆరుబయట, చెట్టు కింద, అన్నం ముందు నా ప్రార్థన ఒక్క వాక్యానికి మించదు. ఆ ఒక్క వాక్యం కూడా క్యారియర్ మీద కూర్చుని చెబుతాను.